దీవించండి, మాత్ర మాత్రం మానకండి!

పిల్లవాడు తుమ్మితే చాలు, మన ఇళ్ళలో పెద్దవాళ్ళు "చిరంజీవ! చిరంజీవ!" అంటారు. భోంచేసి లేస్తూ "అన్నదాతా సుఖీభవ" అంటాం. దసరాకు కత్తిపీట మొదలు కుట్టుమిషను దాకా అన్నిటికీ బొట్టు పెడతాం. కనుమనాడు పశువులను కడిగి, పసుపూ కుంకుమా పెట్టి దండం పెడతాం. మనిషినే కాదు, వస్తువునూ పశువునూ కూడా చల్లగా ఉండమని కోరుకోవడం మనకు తరతరాలుగా వస్తున్న అలవాటు.

"ఇందులో డాక్టరుకేం పని?" అని పాఠకులు అడగవచ్చు. పని ఉంది. పాతికేళ్ళకు పైగా సర్కారు ఆస్పత్రులలో పని చేస్తున్నాను. దీవెనతో ధైర్యం తెచ్చుకుని కోలుకున్నవారిని చూశాను. దీవెన ఉంది కదా అని మందు మానేసి ప్రాణం మీదికి తెచ్చుకున్నవారినీ చూశాను.

ఒకనాడు ఒక పెద్దావిడ కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. కోడలికి ఆరో నెల. ముఖం, నాలుక, గోళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఇది మూడో కాన్పు. మొదటి ఇద్దరూ ఆడపిల్లలు, చిన్నదానికి ఏడాదిన్నరైనా నిండలేదు. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 6.5 గ్రాములు. గర్భిణికి 11 గ్రాములకు తగ్గకూడదు. 7 కంటే తగ్గితే తల్లికీ బిడ్డకూ కూడా ప్రమాదమే.

"ఐరన్ మాత్రలు వేసుకోవడం లేదా అమ్మా?" అన్నాను.

కోడలు తల వంచుకుంది. అత్తగారే అందుకుంది. "అవి వేడి చేస్తాయట బాబూ! విరేచనం నల్లగా అవుతోందని మేమే మానిపించాం. అయినా మీరేం భయపడకండి. పుత్రప్రాప్తిరస్తు అని పెద్దలందరి చేతా అక్షింతలు వేయించాను. ఈసారి మగపిల్లాడే."

ఆ పెద్దావిడ చెడ్డది కాదు. కోడలి మీద ప్రేమ ఉండబట్టే ఆస్పత్రికి తీసుకొచ్చింది. కాని ఆ దీవెన ఎవరి మేలు కోరుతోందో ఆమె ఆలోచించలేదు. పుట్టబోయేది ఆడో మగో తేల్చేది తండ్రి వీర్యకణం. అది గర్భం నిలిచిన క్షణానే తేలిపోతుంది. ఆరో నెలలో వేసే అక్షింతలు దాన్ని మార్చలేవు. ఆ మాట విన్న ప్రతిసారీ కోడలికి మాత్రం గుండెల్లో రాయి పడుతుంది. ఇక నల్లటి విరేచనం అంటారా, ఐరన్ మాత్రలు వేసుకున్నవారికి అది మామూలే. భయపడనక్కరలేదు.

మరి దీవెనకు బలం లేదా? 2006లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. ఆరు ఆస్పత్రులలో గుండె ఆపరేషను జరిగిన 1802 మంది మీద అది చేశారు. రోగి కోసం ముక్కూ మొహం తెలియనివారి చేత ప్రార్థనలు చేయించారు. ప్రార్థన జరుగుతోందో లేదో తెలియని రోగులలో, జరిగినవారిలో నూటికి 52 మందికి, జరగనివారిలో 51 మందికి ఇబ్బందులు వచ్చాయి. అంటే తేడా లేనట్టే. తమ కోసం ప్రార్థిస్తున్నారని ముందే తెలిసినవారిలో ఆ సంఖ్య 59! కనుక దీవెన మందుకు బదులు కాదు.

అయితే దీవించేవారి సంగతి వేరు. 2003లో వెలువడిన మరొక పరిశోధనలో, కొందరు కాలేజీ విద్యార్థుల చేత వారానికొకసారి తమకు జరిగిన మేళ్ళను అయిదింటి దాకా కాగితం మీద రాయించారు. పది వారాల తరువాత, చికాకులు రాసినవారికంటే వీరు ఒంట్లో నలతలు తక్కువని, వ్యాయామం ఎక్కువ చేశామని చెప్పారు. మేలును తలచుకునే మనసు ఒంటిని కూడా శ్రద్ధగా చూసుకుంటుందన్నమాట.

దీవెనలోని అసలు కిటుకు ఈ శ్రద్ధే. దసరాకు నేనూ నా బీపీ మిషనుకు బొట్టు పెడతాను. ఆ రోజే అది సరిగా కొలుస్తోందో లేదో సరిచూస్తాను. మీరూ స్కూటరుకు నిమ్మకాయ కట్టండి, దాంతోపాటు బ్రేకులు చూపించండి, హెల్మెట్ పెట్టుకోండి. మంచినీళ్ళ బిందెకు పసుపు రాయండి, మూత కూడా పెట్టండి.

పసిపిల్లల విషయంలో మరికొంత జాగ్రత్త కావాలి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప తీర్థమైనా నోట్లో పోయకండి. ఏడాది లోపు తేనె నాకించవద్దు. బొడ్డు మీద విభూతి, పసుపు అద్దవద్దు. భోగిపళ్ళు పోసేటప్పుడు రేగిపళ్ళు, శనగలు, చిల్లర డబ్బులు పిల్లల నోట్లోకి పోకుండా చూడండి. గొంతుకు అడ్డం పడితే నిమిషాల్లో ప్రాణం పోతుంది.

ఆ కోడలి కథ పూర్తి చేస్తాను. ఆమెను ఆస్పత్రిలో చేర్చుకుని రక్తం ఎక్కించాం. ఇంటికి పంపేటప్పుడు అత్తగారితో ఇలా అన్నాను: "పెద్దమ్మగారూ, దీవెన మానమని నేననను. మాట కాస్త మార్చండి. తల్లీ బిడ్డా క్షేమంగా ఉండాలి అనండి. రోజూ ఐరన్ మాత్ర మీ చేత్తోనే ఇచ్చి దీవించండి. నిమ్మరసం నీళ్ళతో ఇస్తే ఒంటికి బాగా పడుతుంది. కాఫీ, టీ, పాలతో మాత్రం వద్దు."

ఆవిడ మాట నిలబెట్టుకుంది. ఒక్కరోజు కూడా మాత్ర తప్పలేదు. నెలలు నిండాక మా ఆస్పత్రిలోనే కాన్పు అయింది. ఆడపిల్ల. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి, ముందు కోడలి తల నిమిరి, ఆపైన పసిదాని మీద చెయ్యి వేసి, "నూరేళ్ళు చల్లగా బతుకు తల్లీ" అంది.

ఇంటికి వెళ్ళేముందు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, కాన్పు తరువాత కనీసం రెండేళ్ళు గడవందే మళ్ళీ గర్భం రాకూడదని, ఇక పిల్లలు చాలనుకుంటే ఏ పద్ధతులున్నాయో వివరించాను. ఆవిడ కూడా పక్కనే కూర్చుని వింది.

మీ ఇంట్లో గర్భిణి ఉంటే ఇవాళే అడగండి: "అమ్మాయీ, మాత్ర వేసుకున్నావా?" అంతకు మించిన ఆశీర్వాదం లేదు.