కోత చిన్నదే, పని చిన్నది కాదు

"కీహోల్ అంటే చిన్న ఆపరేషనేగా?" ఇంగ్లండులో మత్తు డాక్టరునని తెలిసినవాళ్ళు వాట్సాప్‌లో స్కాన్ రిపోర్టులు పంపి మరీ అడిగే మాట ఇది. కోత మాత్రమే చిన్నది. లోపల చేసే పని అదే.

కాలేయం సుమారు కిలోన్నర ఉంటుంది. నిమిషానికి దాదాపు లీటరున్నర రక్తం దాని గుండా పోతుంది. 1957లో ఫ్రెంచి వైద్యుడు కూయినో రక్తనాళాల కొమ్మల్ని బట్టి దాన్ని ఎనిమిది భాగాలుగా చూపించాడు. బయటికి నున్నగా కనిపించినా సరిహద్దులన్నీ లోపలే. గడ్డ అంచున ఉంటే ఒక లెక్క. హెపాటిక్ సిరల పక్కన ఉంటే మరో లెక్క. వాటి గోడలు పల్చన. చిరిగితే, తెరిచిన పొట్టలో వేలితో అదిమిపెట్టొచ్చు. కీహోల్‌లో ఆ వేలు ఉండదు.

కాలేయంలోకి వచ్చే రక్తాన్ని ద్వారం దగ్గరే బిగించి ఆపడం 1908లో ప్రింగిల్ చెప్పిన ఉపాయం. ఇప్పటికీ పావుగంట బిగించి, ఐదు నిమిషాలు వదులుతూ వాడతారు. కానీ సిరల్లోంచి వెనక్కి తన్నే రక్తాన్ని అది ఆపదు. అక్కడ మొదలవుతుంది నా పని. సెలైన్ తగ్గించి, సిరల్లో ఒత్తిడి తక్కువగా ఉంచుతాను. పొట్టలో నింపిన కార్బన్ డయాక్సైడ్ కూడా రక్తస్రావాన్ని కొంత అదిమి ఉంచుతుంది. అయితే సిర చిరిగినప్పుడు ఆ గ్యాసే లోపలికి దూరి గుండెకి చేరే ప్రమాదం ఉంది. అందుకే మానిటర్ మీంచి కళ్ళు తిప్పను.

ఇంత తంటా ఎందుకంటే, ఫలితం ఉంది కనక. పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకిన 280 మందితో నార్వేలో జరిగిన ఓస్లో-కామెట్ అధ్యయనంలో, కోసి చేసినవాళ్ళలో 31 శాతానికి చిక్కులొస్తే, కీహోల్‌లో 19 శాతానికే వచ్చాయి. ఐదేళ్ళ తర్వాత బతికున్నవాళ్ళు రెండువైపులా ఇంచుమించు సమానం. కానీ సగం కాలేయం తీయాల్సినవాళ్ళు అందులో లేరు. పెద్ద సిరని ఆనుకున్న గడ్డకి ఆ అంకెల్ని నేరుగా అతికించకూడదు.

మధ్యలో పొట్ట తెరిస్తే ఇంట్లోవాళ్ళు "ఫెయిలయింది" అనుకుంటారు. చాలాసార్లు ప్రాణం నిలబెట్టే నిర్ణయం అదే. కాబట్టి మీ సర్జన్‌ని కోత ఎంతని అడక్కండి. గడ్డకీ సిరకీ మధ్య దూరమెంత? మిగిలే కాలేయం సరిపోతుందా? ఇలాంటి చోట ఎన్ని చేశారు? ఎప్పుడు పొట్ట తెరుస్తారు?

ఈ చివరి ప్రశ్నకి చిరాకుపడకుండా జవాబు చెప్పే సర్జన్ అయితే, నేనైతే మా ఇంట్లోవాళ్ళని నిశ్చింతగా అప్పగిస్తాను.