వలస కుటుంబాల్లో ఆటిజం ఉన్న పిల్లలు: సేవలు ఎక్కడ ఆగిపోతాయి?

ఆటిజం లక్షణాలను చిన్న వయసులోనే గుర్తించడం ఎందుకు అవసరమో కిందటి భాగంలో చదివారు. గుర్తించిన తరవాత సేవలు అందడం వేరే సంగతి. వలస వెళ్ళిన కుటుంబాల్లో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన అమెరికాను ఉదాహరణగా తీసుకుందాం.

గుంటూరు నుంచి వెళ్ళి న్యూజెర్సీలో ఉంటున్న ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. బాబుకు రెండేళ్ళు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. కావలసినదాన్ని వేలితో చూపించడు. "వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి, కంగారు పడకండి" అని నాయనమ్మ ఫోనులో ధైర్యం చెబుతుంది. "ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు, అందుకే తికమకపడుతున్నాడు" అని స్నేహితులు అంటారు. ఈ రెండో మాటను మీరు ప్రత్యేకంగా గమనించాలి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు. ఆటిజం ఉన్న పిల్లలకు రెండు భాషలు హాని చేస్తాయని పరిశోధనల్లో తేలలేదు. తెలుగు మానేస్తే బాబుకు నాయనమ్మతో ఉన్న ఆ కాస్త సంబంధమూ పోతుంది.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 18, 24 నెలల వయసులో ప్రతి బిడ్డకూ ఆటిజం ప్రాథమిక పరీక్ష జరగాలని సూచిస్తుంది. సాధారణంగా ఇది తల్లిదండ్రులు జవాబులు రాసే ప్రశ్నావళి. "మీ బిడ్డ వేలితో చూపించి అడుగుతాడా?" అన్నది అందులో ఒక ప్రశ్న. అమ్మ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్ళడం కూడా చూపించడమే అనుకుని తల్లి "అవును" అని రాస్తే, పరీక్ష జరిగినా ఫలితం తప్పుతుంది. అందుకే భాషా సహాయం మర్యాద కోసం చేసే ఏర్పాటు కాదు, వైద్యంలో భాగం. ఫెడరల్ ప్రభుత్వ నిధులు పొందే ఆసుపత్రులు ఇంగ్లీషు సరిగా రానివారికి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలి. దీనికి ఆధారం 1964 నాటి పౌర హక్కుల చట్టం. బాబు అక్కచేత అనువాదం చేయించడం సరికాదు.

ఇక వయసు సంగతి. మూడేళ్ళు నిండని పిల్లలకు ప్రతి రాష్ట్రంలోనూ 'ఎర్లీ ఇంటర్వెన్షన్' కార్యక్రమం ఉంది. తల్లిదండ్రులే నేరుగా ఫోన్ చేయవచ్చు, డాక్టరు చీటీ అక్కర్లేదు. బిడ్డను ఉచితంగా పరీక్షించి, 45 రోజుల్లోగా సేవల ప్రణాళిక కోసం కుటుంబంతో సమావేశం జరపాలి. మూడేళ్ళు నిండాక బాధ్యత ప్రభుత్వ పాఠశాల వ్యవస్థకు మారుతుంది. వలస పత్రాలు లేవన్న కారణంతో పిల్లలకు ప్రభుత్వ బడిలో చదువు నిరాకరించకూడదని అక్కడి సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. నాలుగేళ్ళు వచ్చేదాకా చూద్దామనుకున్న కుటుంబానికి మొదటి తలుపు అప్పటికే మూసుకుపోయి ఉంటుంది.

క్లినిక్‌లో ఇచ్చే స్పీచ్ థెరపీ, ప్రవర్తనా చికిత్స ఖర్చుతో కూడినవి, వారానికి చాలా గంటలు సాగుతాయి. ఇక్కడ పత్రాలు అడ్డొస్తాయి. పేదలకు వైద్య ఖర్చు భరించే 'మెడికెయిడ్' పథకంలో చేరడానికి గ్రీన్‌కార్డు ఉన్నవారిలో చాలామంది ఐదేళ్ళు ఆగాలని 1996 చట్టం నిర్ణయించింది. పిల్లల విషయంలో ఆ గడువును ఎత్తివేసే వీలును 2009 చట్టం రాష్ట్రాలకు ఇచ్చింది. కొన్ని రాష్ట్రాలు ఎత్తివేశాయి, కొన్ని ఎత్తివేయలేదు. బిడ్డకు అందే వైద్యం తల్లిదండ్రులు ఏ ఊళ్ళో ఉద్యోగం దొరికించుకున్నారన్నదాన్ని బట్టి ఉండటం న్యాయమని చెప్పడం కష్టం.

హెచ్-1బి వీసా కుటుంబాలది మరో రకం ఇబ్బంది. వారి బీమా సాధారణంగా ఉద్యోగం ద్వారానే వస్తుంది. ఆటిజం చికిత్సకు బీమా వర్తించాలని రాష్ట్రాలు చట్టాలు చేశాయి. కానీ ఉద్యోగుల వైద్య ఖర్చును స్వయంగా భరించే పెద్ద కంపెనీల పథకాలకు ఆ చట్టాలు వర్తించవు. పైగా ఉద్యోగం పోతే మరో ఉద్యోగం వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు. బీమాతోపాటు థెరపిస్టూ మారిపోవచ్చు. పళ్ళెం మారితేనే అన్నం ముట్టని పిల్లవాడికి అది చిన్న మార్పు కాదు.

అభ్యాసం: పై ఉదాహరణలోని బాబుకు ఇప్పుడు రెండేళ్ళ పది నెలలనుకోండి. నిన్ననే తండ్రి ఉద్యోగం పోయింది. ఈ వారంలో తల్లి ముందుగా ఎవరికి ఫోన్ చేయాలి? ఏ సేవలు ఆగిపోవచ్చు, ఏవి ఆగవు? కారణాలతో రాయండి.