సైకిలు మెడ: స్టెమ్ము మార్చునపుడు చేయవలసిన సవరణ

సైకిలు చక్రములో గాలి తగ్గినచో ఎవరైనను గుర్తింతురు. గొలుసు జారినచో బడిపిల్లవాడైనను వేలితో ఎక్కించుకొనును. కాని హాండిలు తిరుగుచోట, అనగా సైకిలు మెడలో, వదులు పుట్టినచో గమనించువారు తక్కువ. గతుకులో చక్రము దిగినపుడు ముందుభాగమున టక్కుమను చప్పుడు వినబడినను, రోడ్డును నిందించి ముందుకు సాగుదురు. ఆ చప్పుడు హెడ్‌సెట్టు పెట్టు మొర కావచ్చును.

హెడ్‌సెట్టు అనగా ఫ్రేము ముందుగొట్టమునకు పైన ఒకటి, క్రింద ఒకటిగా అమర్చిన బేరింగుల జత. ఫోర్కునుండి పైకి వచ్చు గొట్టము వీనిలో తిరుగును. ఆ గొట్టమునకు హాండిలును కలుపునదే స్టెమ్ము. ముందుకు వంగి తొక్కలేక పొడవు స్టెమ్మును తీసి పొట్టిది వేయించుకొనుట నేడు సాధారణమైనది. హెడ్‌సెట్టు సవరణ చెడుటకు ఈ మార్పిడియే ముఖ్యమైన సందర్భము.

మన పెద్దలు తొక్కిన నల్ల సైకిళ్ళలో ఫోర్కు గొట్టము పైకొనకు మరలుండును. అందు స్టెమ్ము గొట్టము లోపలికి దిగును. బేరింగులను సవరించునది బయటి కప్పు, దానిపై బిగించు నట్టు. కావున స్టెమ్మును కదల్చినను బేరింగులకు బాధ లేదు. 1990ల దశకమున వ్యాపించిన కొత్త పద్ధతిలో గొట్టమునకు మరలు లేవు. స్టెమ్ము వెలుపలినుండి గొట్టమును పట్టుకొనును. బేరింగులను అదిమి నిలుపునది కూడ అదియే. స్టెమ్మును తీయుట అనగా హెడ్‌సెట్టును విప్పుటయే. అందుచే ముందుచక్రమును నేలపై ఆనించియే పని మొదలిడవలెను. లేనిచో ఫోర్కు క్రిందికి జారిపోవును.

మొదట ఎత్తును చూడుడు. స్టెమ్ము నెక్కించిన పిదప గొట్టము పైకొన, స్టెమ్ము అంచుకు సుమారు 3 మిల్లీమీటర్లు లోతున ఉండవలెను. పాత స్టెమ్ము ఎత్తు 40 మిల్లీమీటర్లు, కొత్తది 35 అనుకొనుడు. అపుడు గొట్టము 2 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొని వచ్చును. పైమూత గొట్టముపైననే ఆనును. ఎంత బిగించినను వదులు పోదు. 5 మిల్లీమీటర్ల ఉంగరము నొకదానిని చేర్చినచో లెక్క సరిపడును. కొత్త స్టెమ్ము ఎత్తు హెచ్చైనచో అందుకు తగిన ఉంగరమును తీసివేయవలెను. లేనిచో స్టెమ్ము పై బోల్టుకు పట్టుటకు గొట్టమే అందకపోవచ్చును.

పిమ్మట వరుస తప్పరాదు. స్టెమ్ము ప్రక్కబోల్టులు వదులుగా నుండగా, పైమూత బోల్టును కొద్దికొద్దిగా బిగింపుడు. వదులు పోయిన క్షణముననే ఆపుడు. హాండిలును చక్రమునకు సూటిగా నిలిపి, ప్రక్కబోల్టులను ఒకదాని తరువాత ఒకటిగా, విడతలుగా బిగింపుడు. ఎంత బిగింపవలెనో సాధారణముగా స్టెమ్ముపైననే చెక్కియుండును. పెక్కింటికి 5 లేక 6 న్యూటను మీటర్లు.

ఇచట పలువురు పొరబడుదురు. పైమూత బోల్టు బేరింగులను సవరించుటకే. హాండిలును పట్టి ఉంచునవి ప్రక్కబోల్టులే. మాకు తెలిసిన కుర్రవాడొకడు పైమూతను బలమంతయు పెట్టి బిగించి, ప్రక్కబోల్టులను మరచెను. వీధి మలుపున హాండిలు తిరిగెను, చక్రము తిరుగలేదు. అదృష్టవశమున మోచేయి గీసుకొనుటతో పోయెను. అదే లారీలు తిరుగు రోడ్డయినచో?

పరీక్ష సులభము. ముందు బ్రేకు పట్టి, వ్రేళ్ళను క్రింది బేరింగు అతుకుపై ఉంచి సైకిలును ముందువెనుకల కూపుడు. వ్రేలికి కదలిక తగిలినచో ఇంకను వదులున్నది. బ్రేకులోని వదులే మోసగించుచున్నదను సందేహము కలిగినచో, చక్రమును ప్రక్కకు త్రిప్పి మరల ఊపుడు. తరువాత ముందుచక్రమును పైకెత్తి సైకిలును కొద్దిగా ఒరుపుడు. హాండిలు తనంతట తాను ప్రక్కకు వాలవలెను. బిగుసుకొని నిలిచినచో పైమూతను అతిగా బిగించితిరన్నమాట. ప్రక్కబోల్టులను వదలుచేసి తిరిగి మొదలుపెట్టుడు. ప్రక్కబోల్టులు బిగిసియుండగా పైమూతను ఎంత త్రిప్పినను ఫలము లేదు.

వదులైన మెడలో గుళ్ళు కొట్టుకొని దారులు గుంటలు పడును. అతిబిగువైన మెడ చిన్న చిన్న దిద్దుబాట్లకు లొంగదు. రెండు చక్రముల బండి నిలుచుట ఆ దిద్దుబాట్లవలననే. కావున స్టెమ్ము మార్చిన నాటి సాయంకాలమే కొంతదూరము నెమ్మదిగా తొక్కి, తిరిగివచ్చి, మరియొకసారి ఈ పరీక్షలు చేయుడు. ఆ సైకిలుపై మరునాడు బడికి పోవునది మీ బిడ్డయే కావచ్చును.