మైకుసెట్టు గరగరకు కారణం కొలత తేడా!

రాత్రంతా జరిగిన హరికథను రికార్డు చేస్తారు. తెల్లవారి పెట్టి వింటే మాట తెలియనంత గరగర. ఇటువంటప్పుడు నింద యంత్రం మీదికో, మైకుసెట్టు కుర్రవాడి మీదికో పోతుంది. చాలాసార్లు లోపం యంత్రాలది కాదు, వాటి మధ్య కుదరని కొలతది.

శబ్దం తీగలో విద్యుత్తుగా సాగుతుంది. వృత్తిదారులు వాడే మిక్సర్లలో దాని సాధారణ స్థాయి సుమారు 1.23 వోల్టులు. దీనిని ప్లస్ 4 డీబీయూ అంటారు. ఇళ్లలో వాడే రికార్డర్లకు ఆనవాయితీ 0.316 వోల్టు, అంటే మైనస్ 10 డీబీవీ. తేడా దాదాపు నాలుగింతలు. మానికెడు గింజలు సోలలో పోసినట్టే. పట్టనిది నేలపాలవుతుంది. శబ్దంలోనైతే పట్టని భాగం తెగిపోయి గరగరగా వినిపిస్తుంది. తెగినదాన్ని తరువాత ఎంత తగ్గించినా తిరిగి రాదు. పెద్ద వయసు కళాకారుల గొంతు అలా పాడైతే ఆ నష్టం తీరేది కాదు.

ఇంటి సామాను నుంచి మిక్సరుకు కలిపితే చిక్కు తిరగబడుతుంది. శబ్దం సన్నగా వస్తుంది. పెంచితే దానితోపాటు బుస కూడా పెరుగుతుంది. ఇక సెల్‌ఫోన్‌ను మైకు రంధ్రంలో పెట్టడం మరీ పొరపాటు. మైకు ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులే కనుక అక్కడ దానిని ఎన్నో రెట్లు పెంచుతారు. పైగా కొన్ని మిక్సర్లలో మైకుల కోసం ఆ తీగలోనే 48 వోల్టులు వస్తాయి. ఫోన్‌ను లైన్ రంధ్రానికే కలపాలి.

నివారణకు పెద్ద ఖర్చు లేదు. కొన్ని యంత్రాల వెనుక ప్లస్ 4, మైనస్ 10 అని మీట వుంటుంది. రెండు యంత్రాలనూ ఒకే స్థాయికి మార్చుకుంటే చాలు. మీట లేకపోతే మిక్సరు నుంచి బయటికి వెళ్లే శబ్దాన్ని తగ్గించాలి. అదీ కుదరకపోతే రెండు రెసిస్టర్లు చాలు. శబ్దపు తీగ మధ్యలో 3.3 కిలో ఓములది, దాని తరువాత రికార్డరు వైపు శబ్దపు తీగకూ ఎర్తుకూ మధ్య 1 కిలో ఓముది కలిపితే స్థాయి నాలుగో వంతుకు కొంచెం తక్కువగా దిగుతుంది. శబ్దపు తీగ ఒకటి, ఎర్తు ఒకటి వున్న కనెక్షనుకే ఇది వర్తిస్తుంది. మూడు తీగలదైతే తెలిసిన మెకానిక్కుకు అప్పగించాలి. స్పీకరు తీగలకు ఇది పనికిరాదు.

అన్నిటికంటే ముఖ్యం, కథ మొదలుకాక ముందే గొంతెత్తి పాడించి, రికార్డరు ముల్లు ఎర్రగీత దాటకుండా సరిచూసుకోవడం. రికార్డు చేసిన ఆ నాలుగు మాటలు వెంటనే విని చూస్తే రాత్రి శ్రమ వృథా కాదు.