‘మేము’, ‘మనము’, ఒక చలనచిత్రము

మాటాడునప్పుడు మనిషి నోటినుండి పదములు మాత్రమే వెలువడవు. వాటితోపాటు స్వరము, ఆ స్వరములోని ఎత్తుపల్లములు, కన్నుల మెరుపు, పెదవి విరుపు కూడ ఎదుటివానిని చేరును. అదే మాటను కాగితముమీదనో, సెల్‌ఫోను తెరమీదనో వ్రాసినప్పుడు పదములు మాత్రము ప్రయాణము చేయును. తక్కినవన్నియు వ్రాసినవాని వద్దనే నిలిచిపోవును. ఇది అందరికి తెలిసిన సంగతియే. తెలిసియుండియు ఒక చలనచిత్రమును గూర్చిన వాదములో మా తరగతిలోని ఇద్దరు ప్రాణమిత్రులు దాదాపు నెలదినములు పలుకరించుకొనలేదు. వారిని అంతవరకు తెచ్చినవారిలో మేమును ఉన్నాము. అట్లెందుకు జరిగినదో విచారించి చూడగా, తప్పు మనుష్యులలోకన్న సర్వనామములలో ఎక్కువగా కనిపించినది.

చిత్రము పేరు ‘ది అంగ్రేజ్’. కుంటా నిఖిల్ దర్శకత్వములో 2005లో వచ్చినది. మాలో చాలమంది పుట్టినది ఆ ప్రాంతముననే. అయినను దానిలోని సంభాషణలు మాకు పాఠములకన్న బాగుగా కంఠస్థములు. విదేశములనుండి ఉద్యోగమునకై హైదరాబాదు వచ్చిన యువకులకు, చార్మినారు వద్ద కూర్చుండి కాలక్షేపము చేయు ఇస్మాయిల్ భాయి బృందమునకు మధ్య జరుగు తగవు అందులోని హాస్యమునకు ఆధారము. ఇస్మాయిల్ భాయిగా ధీర్ చరణ్ శ్రీవాస్తవ్, సలీం ఫేకుగా మస్త్ అలీ నటించినారు. ‘ఫేకు’ అనగా కోతలు కోయువాడు. భాష పుస్తకములలోని ఉర్దూ కాదు. ‘నక్కో’, ‘హౌ’ అని పలుకు నగరవీథుల దక్కనీ. ఆ భాషను తెరమీద విని పాతబస్తీవారు ఎంత మురిసినారో, పాతబస్తీ ఎరుగనివారు అంతగా నవ్వినారు. ఆ రెండు నవ్వులు ఒకటేనా అన్నదే అసలు చిక్కు.

పరీక్షలు ముగిసిన మరునాడు మా తరగతి వాట్సాప్ బృందములో ఒక సహాధ్యాయిని ఈ ప్రశ్ననే వేసినది: ఈ చిత్రము పాతబస్తీని ప్రేమించి తీసినదా, వెక్కిరించి తీసినదా? బృందములో సుమారు అరువదిమంది ఉన్నాము. సగముమంది ఇండ్లలో ఉర్దూ, తక్కినవారి ఇండ్లలో తెలుగు. మొదట సమాధానమిచ్చినవాడు పాతబస్తీ మిత్రుడు. అతడు ఉర్దూ మాధ్యమములో చదివి, ఈ కళాశాలకు వచ్చిన పిదపనే శ్రద్ధగా తెలుగు వ్రాయ నేర్చినాడు. అతడు వ్రాసినది ఇది: “ఇది మేము నవ్వుకోవడానికి తీసిన సినిమా. మీరు తప్పుగా అనుకోకండి.”

నల్లగొండ జిల్లానుండి వచ్చిన మరియొక మిత్రుడు వెంటనే ఇట్లు వ్రాసినాడు: “సర్లే, మీ వాళ్ళకేం పనుంటది, పొద్దంత చార్మినార్ కాడ కూసునుడే గద.”

అంతే. పాతబస్తీ మిత్రుడు దానిని చదివినట్లు నీలిగుర్తులు పడినవి, జవాబు రాలేదు. ఆ తరువాత మావంటి పెద్దమనుషులు ప్రవేశించినాము. ఒకరు “ఇట్లా అనవచ్చునా” అన్నారు, వేరొకరు “హాస్యము తెలియనివారితో ఎట్లా” అన్నారు. అర్ధరాత్రి లోపల నూరు సందేశములు దాటినవి. వాటిలో చిత్రమును గూర్చినవి పదియైనను లేవు. ఈ వ్యాసము వ్రాయుచున్న మాలో ఒకరు “మా వాళ్ళు, మీ వాళ్ళు అనువారితో మాకు మాటలు లేవు” అని వ్రాసి, దానిని గొప్ప ధర్మవాక్యమని భావించి నిద్రపోయినారు.

మొదటి వాక్యములోని ‘మేము’ను ఇప్పుడు పరిశీలింతము. తెలుగులో ఉత్తమపురుష బహువచనము రెండు విధములు. ఎదుటివానిని కలుపుకొన్నది ‘మనము’. ఎదుటివానిని వెలుపల నుంచినది ‘మేము’. “మనము భోజనము చేయుదము” అన్నచో అతిథికి విస్తరి ఉన్నది. “మేము భోజనము చేయుదుము” అన్నచో లేదు. తెలుగువాడు ఈ భేదమును ఉగ్గుపాలతో నేర్చును గనుక, దానిని ఎవ్వరును పొరపాటున తప్పుదురని ఊహింపనైన ఊహింపడు. పుస్తకములలోని ఉర్దూలో ఈ భేదము లేదు. అక్కడ రెండింటికి ‘హమ్’ ఒక్కటే. మా మిత్రుని మనస్సులో ఉన్నది అందరును, నల్లగొండవానితో సహా, కలిసి నవ్వుకొను ‘హమ్’. తెలుగులోనికి వచ్చునప్పుడు అది ‘మేము’గా మారినది. చదివినవానికి అది “ఇది మా ముస్లిములము నవ్వుకొనుటకు తీసినది, నీకిక్కడ పని లేదు” అని వినిపించినది.

ఇందులో ఒక విచిత్రమున్నది. ఆ మిత్రుడు ఇంటిలో మాటాడు దక్కనీలో ‘అపన్’ అను మాట ఉన్నది. అది ఇంచుమించు మన ‘మనము’తో సమానము. దక్కనీ శతాబ్దములుగా తెలుగు, మరాఠీ, కన్నడముల పొరుగున జీవించినది. “వస్తానని చెప్పినాడు” అనునప్పుడు మనము వాడు ‘అని’ వలెనే దక్కనీవారు ‘బోల్కే’ వాడుటయు ఆ పొరుగుతనపు ఫలమే. అతడు ఇంటిభాషలో ఆలోచించి తెలుగులో వ్రాసియున్నచో ‘మనము’ అనియే వచ్చియుండెడిది. అందరు చదువుదురు గదా అని, మర్యాదగా, పుస్తకపు ఉర్దూలో వాక్యమును కూర్చి దానిని తెలుగు చేసినాడు. మర్యాదయే కొంప ముంచినది.

రెండవ వాక్యములోని ‘మీరు’ కూడ అట్టిదే. తెలుగు వాచకములో అతడు నేర్చినది, వ్రాతలో ‘మీరు’ అనుట సభ్యత అని. కాని రోజును ‘నువ్వు’ అనుకొను మిత్రుల మధ్య ‘మీరు’ వచ్చినచో అది గౌరవము కాదు, దూరము. అంతకన్న ప్రమాదమేమనగా తెలుగులో ‘మీరు’ ఏకవచన గౌరవమును కావచ్చును, బహువచనమును కావచ్చును. “తమరు, మిత్రమా” అన్నట్లును చదువవచ్చును. “మీరందరును, మీ జాతివారును” అన్నట్లును చదువవచ్చును. చెవితో విన్నచో ఏది ఏదో క్షణములో తెలియును. కంటితో చదివినవాడు ఆనాటి తన మనఃస్థితిని బట్టి ఒకటి ఎన్నుకొనును. ‘మేము’ అను మాటతో అప్పటికే నొచ్చిన నల్లగొండ మిత్రుడు రెండవదానిని ఎన్నుకొన్నాడు.

నొచ్చుకొన్నట్లు కనిపించుటకు అతనికి సిగ్గైనది. కావున హాస్యమాడినాడు. ‘మీ వాళ్ళు’ అని అతడన్నది ఇస్మాయిల్ భాయి ముఠాను. మా పాతబస్తీ మిత్రుడు క్యాంటీనులో దినము ఆ పాత్రలను అనుకరించి చూపెడివాడు గనుక, వారిని ‘మీ వాళ్ళు’ అనుట వారిద్దరి మధ్య పాత వాడుక. కాని తెలుగులో ‘మీ వాళ్ళు’ అనగా నీ చుట్టములు, నీ ఊరివారు, నీ మతమువారు. ఇన్ని అర్థములలో వక్త కోరినది ఏదో చూపునది స్వరమొక్కటే. చదివినవాడు చివరి అర్థమును తీసికొన్నాడు. అతని అన్న పనిచేయు దుకాణము మూతపడి రెండు నెలలైనదని, ఆ అన్న నిజముగనే పగలంతయు ఇంటి అరుగుమీద కూర్చుండుచున్నాడని అప్పటికి మాలో ఎవ్వరికిని తెలియదు.

‘సర్లే’ అను మాటను గూర్చియు ఒక సంగతి చెప్పవలసియున్నది. తెలుగు చివర చేరు ఈ చిన్న అక్షరములు, ‘లే’, ‘గద’, ‘ఏ’, ‘ఓ’, స్వరము లేనిదే జీవింపవు. “బాగుందిలే” అను దానిని ఓదార్పుగా అనవచ్చును, విసుగుగా అనవచ్చును, ముద్దుగా అనవచ్చును. “బాగానే ఉంది” అన్నచో మెచ్చుకొనుటయో, మెచ్చుకొనకుండుటయో పలికిన తీరు చెప్పవలెను. దీనికి తోడు మాండలిక భేదము. తెలంగాణ పల్లెలలో తల్లిని, అన్నను ‘నువ్వు’ అని పిలుచుట చనువు, ప్రేమ. కోస్తా జిల్లాలలో కొన్ని ఇండ్లవారికి అది మొరటుగా తోచును. దక్కనీని విని ఉత్తరాదివారు ముఖము చిట్లించుట కూడ ఇట్టిదే.

ఈ చిక్కు క్రొత్తది కాదు. సంస్కృతాలంకారికులు స్వరభేదమునకు ‘కాకువు’ అని పేరుంచినారు. ఒకడు ఒక విధముగా పలికిన వాక్యమును మరియొకడు వేరొక విధముగా అన్వయించుటను మమ్మటుడు కావ్యప్రకాశములో ‘వక్రోక్తి’ అను అలంకారముగా చెప్పి, అది శ్లేష వలన గాని, కాకువు వలన గాని కలుగునన్నాడు. కావ్యములో నాయిక కావలెనని చేయు పనిని మేము వాట్సాప్‌లో తెలియక చేసినాము. అక్కడ అది అలంకారము, ఇక్కడ తగాదా. ఉర్దూవారు స్వరమును ‘లహ్జా’ అందురు. మీర్జా గాలిబు (1797–1869) తన ఉత్తరములలో లేఖను సంభాషణగా మార్చితినని చెప్పుకొన్నాడనుట ప్రసిద్ధము. వ్రాతకు గొంతు నిచ్చుట ఎంత కష్టమో గాలిబు వంటివాడు దానిని చెప్పుకొనదగిన గొప్పగా ఎంచుటలోనే తెలియుచున్నది.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనిని లెక్కలతో చూపినారు. 1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములో ఎలిజబెత్ న్యూటన్ అను పరిశోధకురాలు కొందరిచేత ప్రసిద్ధమైన పాటల తాళమును బల్లమీద వ్రేళ్ళతో తట్టించినది. తట్టినవారు, విన్నవారిలో సగముమందియైనను పాటను గుర్తింతురని తలచినారు. 120 పాటలలో గుర్తింపబడినవి 3. తట్టినవాని తలలో పాట మ్రోగుచున్నది; విన్నవానికి టకటకలు మాత్రమే. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ మున్నగువారు ప్రకటించిన పరిశోధనలో విద్యార్థులు కొన్ని వాక్యములను ఎకసక్కెముగను, కొన్నింటిని గంభీరముగను ఈమెయిలులో వ్రాసి పంపినారు. నూటికి 78 సరిగా గ్రహింతురని వారి అంచనా; గ్రహించినవి 56. నాణెము నెగురవేసినను 50 వచ్చును గదా! అదే పనిని కంఠస్వరముతో చేసినప్పుడు 73 వరకు వచ్చినది.

ఇక చిరునవ్వు బొమ్మల సంగతి. 1982 సెప్టెంబరు 19న కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో స్కాట్ ఫాల్మన్ అను ఆచార్యుడు, పరిహాసపు వ్రాతలను కొందరు నిజమని నమ్ముచున్నందున, వాటికి విరామచిహ్నములతో కూర్చిన నవ్వు ముఖమును గుర్తుగా ఉంచవలెనని సూచించినాడు. నేటి బొమ్మలకు అది తాతవంటిది. అది చాలునని మేము అనుకొనము. నల్లగొండ మిత్రుడు ఆ వాక్యము చివర కన్నీళ్ళు వచ్చునట్లు నవ్వు బొమ్మ నొకదానిని ఉంచియే యున్నాడు. చదివినవానికి అది తన అన్నను చూచి నవ్వినట్లే తోచినది.

నెల గడచిన పిదప మా తెలుగు అధ్యాపకులకు ఈ సంగతి తెలిసినది. వారు ఉపదేశమేమియు చేయలేదు. ఇద్దరిని పిలిపించి, ఎవరి సందేశమును వారినే పైకి చదువుమన్నారు. పాతబస్తీ మిత్రుడు “ఇది మేము నవ్వుకోవడానికి” అని చదువుచు చేతిని గుండ్రముగా త్రిప్పి గదిలోని అందరిని చూపినాడు. అధ్యాపకులు “మేమా, మనమా?” అని మాత్రమడిగినారు. అతడు కొంచెముసేపు ఆలోచించి తల పట్టుకొన్నాడు. నల్లగొండవాడు తన వాక్యమును ఇస్మాయిల్ భాయి నడకతో సహా చదివినాడు. గదిలో ఒక్కసారి నవ్వు పుట్టినది, పాతబస్తీ మిత్రుడు కూడ నవ్వినాడు. తరువాత అన్న మాట చెప్పినాడు.

“ఒక్క మాట చెప్తే అయిపోవు గదరా” అన్నాడు నల్లగొండవాడు.

“అరవైమంది చూస్తుండగా మా భాయిజాన్‌కు పని లేదని ఎట్లా రాయాలిరా?” అన్నాడతడు.

దీనికి మావద్ద ఎవరివద్దను జవాబు లేకపోయినది. ఎదురెదురుగా ఉన్నచో ఆ మాటను గొంతు తగ్గించి, ప్రక్కకు తీసికొనిపోయి చెప్పియుండును. తగ్గించుటకు అక్కడ గొంతు లేదు, తీసికొనిపోవుటకు ప్రక్క లేదు. ధర్మవాక్యము వ్రాసిన మా మిత్రుడు ఆ దినమున ఇద్దరికిని క్షమాపణ చెప్పినాడు. వారు దానిని అంతగా పట్టించుకొనలేదు.

ఆ శుక్రవారము సాయంకాలము నల్లగొండవాడు పాతబస్తీలోని ఆ ఇంటికి వెళ్ళి అన్నగారితో అరుగుమీద కూర్చుండి వచ్చినాడట. అక్కడ ఏమి మాటాడుకొన్నారో మాకు చెప్పలేదు, మేమును అడుగలేదు. ప్రశ్న వేసిన సహాధ్యాయిని మాత్రము, ఆ చిత్రము ప్రేమించి తీసినదో, వెక్కిరించి తీసినదో ఇంతవరకు ఒక్కరును చెప్పలేదని ఇప్పటికిని మమ్ములను నిలదీయుచునే యున్నది.