పురిటికి పుట్టింటికి.. రిపోర్టులు అత్తింట్లో!

బరంపురం: ఏడో నెల రాగానే సారె పెట్టి అమ్మాయిని పురిటికి తీసుకెళ్లడం ఇక్కడి తెలుగు ఇళ్లలో ఆనవాయితీ. కొందరి పుట్టిల్లు సరిహద్దు అవతల ఇచ్ఛాపురం, సోంపేటల్లో ఉంటుంది. చీరలు, స్వీట్లు అన్నీ సర్దుతారు. మూడో నెలలో తీసిన స్కాన్ రిపోర్టు మాత్రం అత్తింటి బీరువాలోనే ఉండిపోతుంది.

పుట్టింటి దగ్గర స్కాన్ చేస్తే బిడ్డ చిన్నగా ఉందన్నారనుకోండి. నిజంగానే ఎదగలేదా, నెలల లెక్కే తప్పా? తేల్చేది బిడ్డ పొడవు కొలిచిన ఆ తొలి స్కానే. అది లేకపోతే కనీసం రెండు వారాలాగి మళ్లీ కొలవాలి. అంతకుముందే కొలిస్తే వచ్చిన తేడా ఎదుగుదలదో, కొలతదో తెలీదు. ఆ రెండు వారాలే ఒక్కోసారి ఖరీదైనవి.

తప్పు కోడలిది కాదు

32 వారాల్లోపే ఎదుగుదల మందగిస్తే చాలాసార్లు లోపం మాయలో ఉంటుంది. 'సరిగా తినలేదు' అన్న నింద మాత్రం ముందు కోడలి మీద పడుతుంది. కొబ్బరినీళ్లు, ప్రొటీన్ పొడి, మంచం మీద విశ్రాంతి.. ఇవేవీ మాయను బాగుచేయలేవు. కనిపెట్టుకుని ఉండి, సరైన వేళకు కాన్పు చేయడమే దారి.

ఆ వేళ చెప్పేది డాప్లర్ స్కాన్. బిడ్డ గుండె రెండు దెబ్బల మధ్య కూడా బొడ్డుతాడులో రక్తం మాయవైపు సాగుతూనే ఉండాలి. అది తగ్గితే వారం వారం చూస్తారు. ఆగిపోతే వారానికి రెండు మూడుసార్లు. వెనక్కి మళ్లిందా, ఆసుపత్రిలో చేరాల్సిందే. తొందరపడితే ఊపిరితిత్తులు పండవు, ఆలస్యమైతే బిడ్డ కడుపులోనే పోవచ్చు.

ఈ చిక్కుముడిపై యూరప్‌లో 26-32 వారాల గర్భిణులు 503 మందిని పరిశీలించి, ఫలితాలను 2015లో లాన్సెట్‌లో ప్రచురించారు. బిడ్డ గుండెకు రక్తం చేర్చే చిన్న సిరలో చివరిదశ మార్పులు వచ్చేదాకా ఆగిన బృందంలో, బతికిన పిల్లల్లో 95 శాతం మంది రెండేళ్ల వయసులో నాడీ లోపాల్లేకుండా ఉన్నారు. గుండె వేగం గ్రాఫ్‌నే నమ్ముకున్న బృందంలో 85 శాతం. ఆగడమంటే ఇంట్లో కూర్చోవడం కాదు సుమా! ఆగినవాళ్లకూ గుండె గ్రాఫ్ తీస్తూనే ఉన్నారు.

సంచిలో ముందు ఫైలు

కార్డు ఒడియాలో ఉన్నా స్కాన్ రిపోర్టు ఇంగ్లీషులోనే ఉంటుంది, అవతలి డాక్టరు చదువుతారు. బిడ్డ చిన్నగా ఉందని ముందే తెలిస్తే, నెలలు నిండని పిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రి ఎటువైపు దగ్గరో చూసుకున్నాకే ప్రయాణం పెట్టుకోవాలి. ఇలాంటివారిలో చాలామందికి బీపీ కూడా పెరుగుతుంది. తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, బిడ్డ కదలికలు తగ్గడం.. వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.