ప్రాఁత పాటకుఁ బ్రాఁత వాద్యము

మా పుత్తూరు ప్రాంతమున భజనగుడి లేని పల్లె యరుదు. నేను బడిపంతులుగాఁ జేరిన క్రొత్తలో, అట్టి గుడి యొకదానియందుఁ బనసకఱ్ఱ తంబురా యొకటి తంత్రులు తెగి మూలఁ బడియుండెను. దానిని బాగుచేయింపవలయునా యని పెద్దలు న న్నడిగిరి. మీట నొక్కినంతనే శ్రుతి పలుకు కరెంటుపెట్టెలు వచ్చినవి గదా, దీనిపై వ్యయ మేల యని నేను చెప్పితిని. తంబురా ప్రాఁతసామానులు కొనువాని బండి యెక్కెను. ఆ నాఁడు చెప్పినది తప్పని నాకుఁ దెలిసినది ఉద్యోగము విరమించిన తరువాతనే. నా శిష్యుఁ డొకఁడు వచ్చి, "అయ్యవారూ, ఇది రెండువందల యేఁబది యేండ్లు దాటిన పాట, ఆ కాలపు వాద్యములతోనే వాయించినారు, వినండి" అని యొక సంగీతమును వినిపించెను. దానిని నడపినవాఁడు ఇంగ్లండు దేశీయుఁడగు క్రిస్టొఫర్ హాగ్‌వుడ్. ఆయన చరిత్రమును నేఁడు మీకు విన్నవింతును.

హాగ్‌వుడ్ 1941వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీని నాటింగ్‌హామ్ పట్టణమున జన్మించెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున సంగీతముతోపాటు గ్రీకు, లాటిను వాఙ్మయములను జదివెను. మనకు సంస్కృత మెట్టిదో ఐరోపావారి కా రెండు భాషలు నట్టివి. తాళపత్రములను సరిపోల్చి పాఠాంతరములను విచారించిన మనపండితుల కీ చదువు విలువ చెప్పనక్కఱలేదు. మూలగ్రంథ మేమి చెప్పుచున్నదని యడుగు నలవాటు ఆయనకు సంగీతమునందును నిలిచెను. పిదప రఫాయెల్ పుయానా, గుస్తావ్ లేయన్‌హార్ట్ అను విద్వాంసులయొద్ద హార్ప్‌సికార్డ్ అను వాద్యము నభ్యసించెను.

ఈ వాద్య మెట్టిది? మన యూళ్ల భారతపు వీథినాటకములలో హార్మోనియమును మీరందఱుఁ జూచినవారే. మెట్టు నొక్కిన, తిత్తిలోని గాలి లోహపు రేకును గదలించి స్వరము పుట్టించును. హార్ప్‌సికార్డునకును అట్టి మెట్లే కలవు గాని, పెట్టె లోపల నుండునవి తంత్రులు. మెట్టు నొక్కిన నొక చిన్న కొయ్యబద్ద పైకి లేచును. దానికి గ్రుచ్చిన పక్షియీఁక కొన తంత్రిని మీటును. వైణికుఁడు గోటితో మీటుపని యిచట నీఁక చేయుచున్నది. ఎంత గట్టిగా నొక్కినను ధ్వని పెరుగదు. క్లావికార్డ్ అను మఱియొక వాద్యమున నిత్తడిరేకు తంత్రిని దాఁకి, వ్రేలు తీయువఱకు దానినే యంటియుండును. వ్రేలితో నొత్తుచు వదలుచు నుండిన స్వరము కొంచె మూఁగును. మన గమకమునకు దూరపుచుట్ట మనవచ్చును. అయితే దాని గొంతు మిక్కిలి సన్నము; ఒక్క గదిలోనివారికే వినఁబడును. పదునెనిమిదవ శతాబ్దము చివరకు, సుత్తులతోఁ దంత్రులను గొట్టు పియానో ప్రబలఁగా నీ రెండును మూలఁ బడినవి.

ఇతర వాద్యములును మాఱినవి. ఫిడేలునకు గొఱ్ఱెప్రేవుల తంత్రులు పోయి లోహపు తంత్రులు వచ్చినవి. శ్రుతియు హెచ్చినది. సెకనునకు 440 కంపనములు గల స్వరమును నేఁడు కొలమానముగాఁ గొనుచుండఁగా, ప్రాచీనవాద్యములు వాయించువారు తఱచుగా దానిని 415నకుఁ దగ్గింతురు. హార్మోనియమునఁ జూచిన నది యొక మెట్టు తక్కువ. వాద్యములిట్లు మాఱినను పాటలు మాత్రము ప్రాఁతవే వాయించుచుండిరి. సన్నని గొంతునకుఁ గట్టిన పాటను పెనుగొంతు పాడిన నెట్లుండును? హాగ్‌వుడ్ మనసునఁ బడిన ప్రశ్న యిదియే.

1967లో డేవిడ్ మన్రో అను యువకునితోఁ గలసి యాయన ప్రాచీనసంగీతబృందము నొకదానిని స్థాపించెను. 1973లో స్వయముగా "అకాడమీ ఆఫ్ ఏన్షియంట్ మ్యూజిక్" అను బృందమును నెలకొల్పెను. 1726లో లండనునఁ బుట్టిన యొక సంగీతసమాజపు పేరే దీనికిఁ బెట్టెను. ఐరోపా వాద్యబృందములకు నాయకుఁ డొకఁడు ముందు నిలిచి, వాద్యమేదియుఁ బట్టక, చిన్నకోలతో సంజ్ఞలు చేయుచుండుట నేఁటి వాడుక. పూర్వకాలమున నట్లు కాదు. నాయకుఁడు మెట్లవాద్యముకడఁ గూర్చుండి తానును వాయించుచు నడిపెడివాఁడు. నట్టువనారు తాళము వేయుచునే మేళమును నడుపుట మనమెఱుఁగుదుము. హాగ్‌వుడ్ తఱచుగా నీ పద్ధతినే యవలంబించెను. మొజార్ట్ సింఫనీలను ఫిడేలు విద్వాంసుఁడగు యాప్ ష్రోడర్‌తోఁ గలసి యిట్లు నడపి, ప్రాచీనవాద్యములపై వాని నన్నింటిని మొట్టమొదట రికార్డు చేయించిన కీర్తి వారిది.

ఒక్క యుదాహరణము చెప్పెదను. హాండెల్ అను వాగ్గేయకారుఁడు 1741లో "మెస్సయా" అను క్రైస్తవ గేయప్రబంధమును రచించెను. లండనులోని యనాథశిశు శరణాలయపు సహాయార్థము దానిని వినిపించుచుండిరి. 1754వ సంవత్సరపు గోష్ఠికి సంబంధించిన చెల్లింపులపట్టిక యొకటి నిలిచియున్నది. ఫిడేళ్లు పదునాలుగు, నాగస్వరమువలె జంటపీకతో నూఁదు వాద్యము లెనిమిది, మూకగా పాడువారు పందొమ్మండుగురు. నూఱేండ్లు దాటిన పిమ్మట, 1857లో, అదే లండనునందుఁ గ్రిస్టల్ ప్యాలెస్ అను గాజుమేడలో హాండెల్ పాటలను రెండువేలమంది పాడిరి! భక్తి పెరిగినది గాని పాట కనఁబడకపోయినది. హాగ్‌వుడ్ ఆ 1754నాఁటి పాఠమునే గ్రహించి, చిన్నబృందముతో 1980లో రికార్డు వెలువరించెను. వినినవారికి ప్రతి స్వరమును, ప్రతి మాటయు విడివిడిగా వినఁబడినవి.

మా పుత్తూరు కట్టు సంగతి మీరెఱుఁగుదురు. కట్టు కట్టువాఁడు క్రొత్త యెముకను జేయఁడు. తొలఁగినదానిని దాని తావునకుఁ జేర్చును. హాగ్‌వుడ్ చేసినదియు నట్టిదే.

ఆక్షేపణలు లేకపోలేదు. ప్రేవుల తంత్రులకుఁ జెమ్మ తగిలిన శ్రుతి నిలువదు. వాద్యము ప్రాఁతదైనను వినుచెవులు నేఁటివి గదా యనిరి. ఆ మాటలో సత్యము కలదు. హాగ్‌వుడ్‌ను నేఁటి వాద్యబృందములను దూరము చేసికొనలేదు. వానినిఁ గూడ నడపెను, ఇరువదవ శతాబ్దపు రచనలను సైతము ప్రదర్శించెను. ప్రాఁతదెల్ల మంచిదని యాయన పట్టు కాదు. ఏ పాట కే వాద్యము తగునో విచారించి కాని విడువరాదని యాయన మతము. తలపెట్టిన పనులన్నియు నెరవేఱినవనియుఁ జెప్పరాదు. హైడన్ సింఫనీల నన్నింటిని రికార్డు చేయఁబూని, నడుమనే నిలుపవలసివచ్చెను.

ఆయన విద్య పండితులకే పరిమితము కాలేదు. మనమువలెనే రేడియోద్వారమునఁ బిల్లలకు, యువకులకు సంగీతమును గూర్చి యేండ్లతరబడి ముచ్చటించెను. 1986 మొదలు 2001 వఱకు అమెరికాలోని బోస్టను నగరమున హాండెల్ అండ్ హైడన్ సొసైటీకి నాయకుఁడై యుండెను. 2006లోఁ దన బృందమును హార్ప్‌సికార్డు విద్వాంసుఁడే యగు రిచర్డ్ ఎగర్ చేతఁ బెట్టెను. 2014 సెప్టెంబరు 24వ తేదీని కేంబ్రిడ్జిలోఁ గాలధర్మము నొందెను.

అయ్యలారా! హార్మోనియమును మనకు ఐరోపానుండి వచ్చినదే. గమకము పలుకదని దానిని రేడియోలో 1940లో నిషేధించిరి. 1971లో నిషేధమును సడలించిరి. నేను నిషేధములు కోరువాఁడను గాను. కరెంటు శ్రుతిపెట్టెయు నుండనిండు. కాని తంబురాను మీటినప్పుడు పాడువాని చెవి తంత్రివైపు వంగును. వ్రేళ్లు, ఊపిరి, శ్రుతి యొకటియగును. పెట్టె యా పనిని నేర్పదు. ముఖవీణ నూఁదువాఁడు పోయిన నా వీథినాటకపు రాత్రి పోయినట్లే. వాద్యమును బాఱవేసినచో, దానిని వాయించు చేయియు, దానికొఱకుఁ గట్టిన పాటయు దానివెంటనే పోవును. అది తెలియకయే నే నా నాఁడు సలహా చెప్పితిని.

ఆ తంబురాకై తరువాత నేను విచారించితిని. అది విఱిగి వంటచెఱకైనదని తెలిసినది. మీ యూరి భజనగుడి యటుకమీఁద నొకటి యింకను నుండవచ్చును. రేపు నిచ్చెన వేసి చూడుఁడు. ఉన్నచో దింపి, దుమ్ము దులిపి, తంత్రులు వేయింపుఁడు. మీటుట తెలిసిన ముదుసలి యెవఁడైన నున్న, వాని ప్రక్కన నొక పిల్లవానిని గూర్చుండఁబెట్టుఁడు. సెలవు.